మాయ కోసం తెచ్చిన చేపల పెట్టె

అది 2023, వానలు అప్పుడే మొదలైన రోజులు. పలాస-కాశీబుగ్గలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రిలో నేను హెడ్ నర్సుని. ఆసుపత్రి పేరెందుకులెండి. పన్నెండు మంచాలు, ఒక లేబర్ రూమ్, ఒక డాక్టరమ్మ, ఆవిడకంటే గొంతు పెద్దదైన నేను. ఉద్దానం ఊళ్ళవాళ్ళు, టెక్కలి వైపువాళ్ళు, నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్ళు కాన్పులకి మా దగ్గరికి వచ్చేవారు. అప్పటికి నా ఉద్యోగానికి ఇరవై రెండేళ్ళు. గుమ్మంలో నడక చూసి కాన్పుకి ఇంకెంతసేపుందో చెప్పేదాన్ని, చాలావరకు తప్పేది కాదు. ఇందులో గొప్పేమీ లేదు, వడ్రంగి చెక్కని తట్టి చూసి చెప్పినట్టే. అంత తెలిసిన నేను ఆ ఏడాది ఒక అమ్మాయి విషయంలో మూడు రోజులు గుడ్డిదానిలా తిరిగాను. ఆ సంగతే చెప్తాను.

ఒకరోజు ఉదయం తొమ్మిదింటికి ఆటోలో ముగ్గురు దిగారు. నిండు నెలల ఝాన్సీ, ఆమె భర్త శేఖర్, ఆమె తల్లి దాలమ్మ. ఝాన్సీది కవిటి పక్కన ఒక పల్లె, పురిటికి పుట్టింటికి వచ్చింది. శేఖర్ కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. బట్టల సంచి, ఫ్లాస్కు అత్తగారి చేతిలో ఉన్నాయి. అల్లుడి నెత్తిమీద మాత్రం పెద్ద థర్మాకోల్ పెట్టె ఉంది. మత్స్యకారులు చేపలు ఐసులో పెట్టి పంపే పెట్టె అది. ఎంత కడిగినా ఆ వాసన పోతుందా! వరండా అంతా గుప్పుమంది.

"ఏటి బాబూ, కాన్పుకి తెచ్చినావా, సేపల బేరానికి వచ్చినావా?" అన్నాను.

శేఖర్ సిగ్గుపడి పెట్టె కిందికి దించాడు. "మాయ కోసం సిస్టరమ్మా. ఐసు కూడా ఏసుకొచ్చినాను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఝాన్సీ నడుం పట్టుకుని నిలబడే వివరంగా చెప్పింది. తను చేరిన ఒక వాట్సాప్ గ్రూపులో తల్లులంతా మాట్లాడుకుంటారట. బిడ్డ పుట్టాక బయటికి వచ్చే మాయని, అంటే మేము ప్లాసెంటా అనేదాన్ని, ఆవిరిమీద ఉడికించి, సన్నగా కోసి, యంత్రంలో ఎండబెట్టి, పొడికొట్టి గొట్టం బిళ్ళల్లో నింపుతారట. బాలింత రోజుకి రెండు చొప్పున వేసుకుంటే పాలు బాగా పడతాయి, నీరసం ఉండదు, మనసు దిగులుపడదు అని వాళ్ళ నమ్మకం. విశాఖపట్నంలో ఒకావిడ చేసిపెడతానని ఒప్పుకుంది. కాన్పు కాగానే మాయని పెట్టెలో పెట్టుకుని శేఖర్ మధ్యాహ్నం రైలెక్కాలి. అంతా పక్కాగా అనుకుని వచ్చారు.

దాలమ్మకి ఈ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆవిడ నోరు తెరుచుకుని కూతుర్ని చూసింది. "మింగుతావేటే? ఓలమ్మ! పెద్దగుంట పుట్టినప్పుడు మాయని పెరట్లో పాతి, దాని మీన కొబ్బరి మొక్క ఎట్టినాం. ఇప్పుడు నా నెత్తి దాటిపోనాది. రెండోదానికీ మొక్క తెచ్చి ఉంచినాను. మాయ ఇంటికే రావాల" అంది.

2018 తుపానుకి తోటలు పడిపోయాక మా వైపు కొబ్బరి మొక్క పాతడం అంటే మాటలు కాదు. దాలమ్మ పట్టుదల నాకు తెలిసిందే. కూతురి పట్టుదలే కొత్త. నేను నవ్వాను. "మాయని పాతినోల్లని సూసినాను, ఏట్లో కలిపినోల్లని సూసినాను. బిల్లలు కట్టించుకుంతానన్నదాన్ని నిన్నే సూడ్డం. అలాంటివి ఇక్కడ కుదరవమ్మా, పద లోపలికి" అని తీసిపారేశాను. ఇంతటితో ఆ ముచ్చట అయిపోయిందనుకున్నాను.

ఝాన్సీ నవ్వలేదు. "సిస్టర్, నాకది కావాలి. మీరు కాగితం మీద ఏం రాసిమ్మన్నా రాసిస్తాను" అంది. గొంతు మామూలుగానే ఉంది, కానీ నా చెయ్యి పట్టుకున్న పట్టు మాత్రం నొప్పులు పడుతున్న మనిషి పట్టు కాదు. ఆ తేడా నాకు తెలియాలి. తెలియలేదు. నా కళ్ళు అప్పటికే ఇంకోచోట ఉన్నాయి.

ఆమె ఒళ్ళు వెచ్చగా ఉంది. అడిగితే ముందురోజు మధ్యాహ్నం నుంచి కొంచెం కొంచెం నీరు కారుతోందని, మూత్రమేమో అనుకున్నామని చెప్పారు. ఉమ్మనీరు అంతసేపు కారితే లోపలికి క్రిములు చేరే ప్రమాదం ఉంది. డాక్టరమ్మ వెంటనే యాంటిబయాటిక్ మొదలుపెట్టించింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఆడపిల్ల పుట్టింది. పుడుతూనే ఆసుపత్రి అదిరేలా ఏడ్చింది. నాకు నచ్చిన పిల్లలు ఇలాంటివాళ్ళే.

ఆ తర్వాత మాయ. బిడ్డ వచ్చేసింది కదా అని మేము చేతులు దులుపుకోము. మాయని ట్రేలో పరిచి, అప్పం తిప్పినట్టు రెండు వైపులా తిప్పి చూస్తాం. ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందా, పొరలు పూర్తిగా వచ్చాయా, బొడ్డుతాడులో మూడు రక్తనాళాలూ ఉన్నాయా అని. ఆరోగ్యంగా ఉన్న మాయకి పచ్చి నెత్తురు వాసన తప్ప ఇంకేం ఉండదు. దీనికి ఉంది. పొరలు కూడా మబ్బుగా ఉన్నాయి. డాక్టరమ్మ వంగి చూసి, "చిన్న ముక్క ల్యాబుకి పంపండి. మిగతాది యెల్లో కవర్లో వేసెయ్యండి" అంది. యెల్లో కవర్ అంటే కాల్చేయడానికి పంపే ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచి.

ఆ మాట ఝాన్సీకి నేనే చెప్పాను. ఇన్ఫెక్షన్ పట్టిన మాయని ఉడికించినా ఎండబెట్టినా క్రిములన్నీ చస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరని, పాలిచ్చే తల్లి అది తింటే బిడ్డకే ముప్పు రావచ్చని, అసలు బాగున్న మాయతో చేసిన బిళ్ళలైనా పనిచేస్తాయని డాక్టర్ల దగ్గర రుజువు లేదని నాలుగు ముక్కల్లో చెప్పేశాను. నేను చెప్పినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. ఇవాళ అడిగినా అదే చెప్తాను.

ఆమె విని గోడవైపు తిరిగి పడుకుంది. "అయితే ఈసారి కూడా నేను పోయినట్టే" అంది.

కాన్పు అలసటతో అంటోందిలే అనుకున్నాను. బయట శేఖర్ ఐసు కరిగిన నీళ్ళు కాలవలో పారబోసి, ఖాళీ పెట్టె తిరిగిచ్చేయడానికి వెళ్ళిపోయాడు. దాలమ్మకి కూడా మాయ దక్కలేదు కాబట్టి ఆవిడ నామీద కోపంగా ఉంది. ఇద్దరూ అలిగారు, అలకలు తీరకపోతాయా అనుకుని నా పనిలో పడ్డాను.

మర్నాడు మధ్యాహ్నం రౌండుకి వెళ్ళాను. ఝాన్సీ మంచం మీద కూర్చుని ఉంది, తల వాలిపోతోంది. దాలమ్మ పక్కనే స్టూలు వేసుకుని, కూతురి కన్ను మూతపడినప్పుడల్లా భుజం మీద తడుతోంది. "ఓలమ్మ, పడుకోకే. పగలు పడుకుంతే ఒల్లంతా నీరొచ్చెత్తాది" అంటోంది. మంచినీళ్ళు కూడా ఫ్లాస్కు మూతలో సగానికే పోసి ఇస్తోంది.

"పడుకోనీ అప్పా" అన్నాను, అలవాటుగా. అన్నానే గాని ఆగలేదు. బాలింత పగలు నిద్రపోకూడదు, నీళ్ళు ఎక్కువ తాగకూడదు అనే మాట మా వైపు ప్రతి మంచం దగ్గరా వినేదే. వెయ్యిసార్లు చూసినది కంటికి ఆనదు. నేను పక్క మంచానికి వెళ్ళిపోయాను.

మూడో రోజు జ్వరం తగ్గింది, ఇంటికి పంపించవచ్చంది డాక్టరమ్మ. డిశ్చార్జి కాగితాలతో నేను వెళ్ళేసరికి దాలమ్మ బట్టలు ఉతకడానికి కిందికి వెళ్ళింది. ఝాన్సీ ఒక్కర్తే ఉంది. కాగితం మీద సంతకం పెట్టి, కలం తిరిగి ఇవ్వకుండా పట్టుకుంది.

"సిస్టర్, ఇంటికెళ్ళను. ఇక్కడే ఉంచండి."

"ఎన్నాళ్ళు?"

"పద్నాలుగో రోజు దాటేదాకా."

అప్పుడు కూర్చున్నాను. హెడ్ నర్సు పేషంట్ మంచం మీద కూర్చోకూడదని జూనియర్లకి పాఠాలు చెప్పేదాన్ని నేనే.

పెద్దపిల్ల పుట్టినప్పటి సంగతి ఆమె తలొంచుకుని చెప్పింది. పది రోజులు బాగానే గడిచాయి. పదకొండో రోజు పురుడు చేశారు, చుట్టాలు వచ్చి వెళ్ళారు. తర్వాత ఇల్లు ఖాళీ అయింది. ఆమెకి ఏడుపు ఆగేది కాదు. పిల్లని చూస్తే ఎవరి పిల్లో అనిపించేది. పద్నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం పిల్లని ఉయ్యాల్లో వదిలేసి, తోటలో నేలబావి దాకా నడుచుకుంటూ వెళ్ళింది. కొబ్బరి దింపులకి వచ్చిన ఒకతను చూసి, "ఏటమ్మా, ఎండలో ఇక్కడేటి?" అని కేకేసి ఇంటికి తీసుకొచ్చాడు. ఇంట్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. నెలలు పట్టింది ఆమె మామూలు మనిషి కావడానికి. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ మధ్యాహ్నం గురించి ఎవరూ ఆమెని ఒక్క మాట అడగలేదు.

"ఆ గ్రూపులో ఒకావిడకి కూడా నాలాగే అయిందట. రెండోసారి ఆ బిళ్ళలు వేసుకుంటే రాలేదంది. నాకు పాల కోసం కాదు సిస్టర్. మళ్ళీ బావి దాకా నడవకుండా ఉండాలని" అంది ఝాన్సీ.

నాకు సిగ్గేసింది. దాచడమెందుకు? ఆమె తాడు పట్టుకుని వేలాడుతుంటే, అది మంచి తాడు కాదని చెప్పి లాగేసుకున్నాను. చేతికి ఇంకొకటి ఇవ్వలేదు.

"అప్పుడు రోజుకి ఎన్ని గంటలు పడుకునేదానివి?" అని అడిగాను.

ఝాన్సీ నవ్వింది. "రాత్రి పిల్ల పడుకోనిచ్చేది కాదు. పగలు అమ్మ."

నిద్ర ఒక్కటే కారణమని చెప్పేంత తెలివితక్కువదాన్ని కాదు. కాన్పు తర్వాత మనసుకి వచ్చే జబ్బు, జబ్బే. మేము పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ అంటాం, దానికి డాక్టర్లున్నారు, మందులున్నాయి. కానీ మునిగిపోతున్న మనిషిని పద్నాలుగు రోజులు నిద్ర లేకుండా కూర్చోబెడితే ఏమవుతుంది? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దాలమ్మ తడి బట్టలతో పైకి రాగానే ఆవిడమీద పడిపోయాను.

"నీకు కూతురు కావాలా, వద్దా? ఎందుకలగ తట్టి తట్టి లేపుతన్నావు?"

దాలమ్మ బట్టల బకెట్ కింద పెట్టింది. నాకు ఎదురు అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"సిస్టరమ్మా, మా ఇంటాయన నీకు తెలీదు. జబ్బు రాకముందు మద్దేన్నం నడుం వాల్చీవోడు కాదు. ఆ ఏడు మొదలెట్టినాడు. తోటనించొచ్చి ఎప్పుడు సూడు నిద్దరే. పోన్లే, అలిసిపోనాడు, పడుకోనీ అనుకున్నాను. నానే తలుపు దగ్గరగా ఏసీదాన్ని. నెల తిరక్కండా కాల్లు ఉబ్బినాయి, మొకం ఉబ్బినాది. కిడ్నీలన్నారు. పలాసలో వారానికి రెండుసార్లు రగతం కడిగించినాం. సచ్చిపోనాడు." ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది, తుడిచిన చేతినే మళ్ళీ తుడిచింది. "ఆయన్ని పడుకోనిచ్చి పోగొట్టుకున్నాను. దీన్ని పడుకోనిత్తానా?"

ఉద్దానంలో ఇంటికో కిడ్నీ కథ ఉంటుంది. అక్కడివాళ్ళ మధ్య ఇరవై రెండేళ్ళు పనిచేసిన నేను, వాపు అనే మాటకి ఈ తల్లులు ఎంత వణుకుతారో ఎప్పుడూ ఆలోచించలేదు. కిడ్నీలు పాడైతే ముందు నీరసం వస్తుంది, మనిషి పగలు కూడా పడుకుంటాడు. వాపు తర్వాత వస్తుంది. దాలమ్మ చూసినది నిజమే. ముందు నిద్ర, తర్వాత వాపు. ఆ నిద్రే వాపుని తెచ్చిందనుకుంది. అంతే ఆవిడ తప్పు. ఆ తప్పుతో కూతుర్ని కాపాడుతున్నాననుకుంటూ చావు అంచుదాకా తోసింది. ఆవిడకి ఆ బావి సంగతి తెలుసు, కానీ తన చేతికీ దానికీ సంబంధం ఉందని ఎవరు చెప్పారు కనుక?

నా కోపం ఎటు పోయిందో పోయింది. ఇక పని మొదలుపెట్టాను. పని అంటే నాకు ధైర్యం.

డాక్టరమ్మకి అంతా చెప్పాను. ఆవిడ అప్పటికప్పుడే శ్రీకాకుళంలో తనకి తెలిసిన మానసిక వైద్యుడికి ఫోన్ చేసింది. ఒకసారి అలా అయిన మనిషికి మళ్ళీ లక్షణాలు వచ్చేదాకా ఆగకూడదు, ఇప్పుడే చూపించాలి అన్నాడాయన. దాలమ్మ బెంబేలెత్తింది.

"పిచ్చి డాట్టరా? నలుగురూ ఏటంతారు?"

"మీ ఇంటాయన్ని పెద్ద డాక్టరు దగ్గిరికి ఎప్పుడు తీసుకెల్లినావప్పా?"

"ఆలీసంగా" అంది.

"మరి ఇదీ ఆలీసం సేత్తావా?"

మర్నాడే శేఖర్ భార్యని, బిడ్డని, అత్తగారిని తీసుకుని శ్రీకాకుళం వెళ్ళాడు. పాలిచ్చే తల్లి వేసుకోదగిన మాత్ర ఒకటి రాసి, వారం వారం రమ్మన్నాడు ఆ డాక్టరు. మింగడానికి గొట్టాలు కావాలన్న ఝాన్సీకి చివరికి చిన్న తెల్ల బిళ్ళ దక్కింది.

ఇంక మిగిలింది నిద్ర. దానికి నా మాట చాలదని నాకు తెలుసు. దాలమ్మ సంతకం కూడా పెట్టలేదు, వేలిముద్రే. కానీ ఉద్దానంలో చదువురాని ముసలమ్మని అడిగినా క్రియాటినిన్ అంటే ఏమిటో చెప్తుంది. నెత్తుట్లో అంకె పెరిగితే కిడ్నీ పాడవుతున్నట్టు. భర్త కాగితాల్లో ఆ అంకె ఎక్కడమే గాని దిగడం చూడని మనిషి దాలమ్మ. డిశ్చార్జి రోజు, వాళ్ళని ఇంటికి పంపే ముందే ఝాన్సీకి ఆ పరీక్ష చేయించమని డాక్టరమ్మని అడిగాను. వైద్యానికి అవసరం లేదు, దాలమ్మకి అవసరం. డాక్టరమ్మ నవ్వి ఒప్పుకుంది.

సున్నా పాయింట్ ఏడు వచ్చింది. కాగితం దాలమ్మ చేతిలో పెట్టాను.

"క్రియాటిన్ ఎంతున్నాది?"

"సున్నా పాయింట్ ఏడు. నీ కూతురి కిడ్నీలు బంగారం. ఇప్పుడు సెప్తన్నాను విను. మద్దేన్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బిడ్డ నీ దగ్గిర. మద్దిలో పాలకి మాత్రం లేపు. రాత్రి ఒక ఝాము శేఖర్ దగ్గిర. అది తలుపేసుకుని పడుకోవాల. అడిగినన్ని నీల్లు ఇయ్యాల. వారం పోయాక మల్లీ రగతం తీత్తాను. అంకె పెరిగితే నీ ఇష్టమొచ్చినట్టు సెయ్యి, నాను నోరెత్తను."

దాలమ్మ నన్ను అనుమానంగా చూసింది. "మాటేనా?"

"మాటే."

వారం తర్వాత వాళ్ళు వచ్చారు. మళ్ళీ సున్నా పాయింట్ ఏడు. దాలమ్మ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుంది. తెచ్చిన కొబ్బరి మొక్క సంగతేమిటని అడిగాను. బిడ్డకి ఊడిన బొడ్డు ముక్కని కింద పెట్టి పాతిందట. "మాయ నువ్వు కాల్సీసినావు గదా, ఏటి సేత్తాం" అని ఒక విసురు విసిరింది. అలక తీరిందని అర్థం.

పద్నాలుగో రోజున నాకు డ్యూటీ ఉంది. సెలవు పెట్టి కవిటి బస్సెక్కాను. ఆ మధ్యాహ్నం నేను అక్కడ ఉండాలి, అంతే. బస్సు దిగి కొబ్బరి తోటల్లోంచి గబగబా నడిచాను. తోటలో నేలబావి కనిపించింది. దాని పక్కనుంచే దారి.

ఇంటి అరుగు మీద దాలమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో చంటిది, పక్కన పెద్దపిల్ల. తలుపు దగ్గరగా వేసి ఉంది. నన్ను చూడగానే ఆవిడ లేచి ఎదురు రాలేదు, మంచినీళ్ళడగలేదు. పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"నెమ్మదిగా సిస్టరమ్మా. పడుకున్నాది."

నేను చెప్పులు విప్పి, చప్పుడు కాకుండా అరుగు మీద కూర్చున్నాను. ఎదురింటావిడ ఏదో అడగడానికి వస్తే దాలమ్మ కళ్ళెర్రజేసి వెనక్కి పంపింది. వీధిలో ప్లాస్టిక్ సామాన్లమ్మేవాడు మైకు పెట్టుకుని వస్తే చంటిదాన్ని నాకిచ్చి వెళ్ళి, "ఆ మైకు కట్టు, లేపోతే ఇరగ్గొట్టీగల్ను" అని వాణ్ణి సందు దాటించి వచ్చింది. పదిరోజుల కిందట కూతుర్ని లేపడానికి ఎంత కాపలా కాసిందో, ఇప్పుడు పడుకోబెట్టడానికి అంతే కాపలా. నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఇద్దరమూ మాట్లాడుకోకుండా నాలుగింటిదాకా కూర్చున్నాం.

అప్పటినుంచి మా ఆసుపత్రిలో నేనొక ప్రశ్న మార్చాను. అంతకుముందు బాలింతని "నిద్ర పట్టిందా?" అని అడిగేదాన్ని. ఇప్పుడు "నిన్ను పడుకోనిస్తున్నారా?" అని అడుగుతాను. అడిగేటప్పుడు పక్కన స్టూలు మీద కూర్చున్నవాళ్ళ ముఖం చూస్తాను. వింత కోరిక ఏదైనా కోరితే ముందు నవ్వను. దేనికి భయపడి అడుగుతున్నావమ్మా అని అడిగి, కాదని చెప్పాల్సి వస్తే ఆ తర్వాతే చెప్తాను. ఇరవై రెండేళ్ళు చేతులతో నేర్చుకున్న పనికి ఈ రెండూ ఝాన్సీ కలిపింది.

ఆ రోజు నాలుగు దాటాక తలుపు తెరుచుకుంది. ఝాన్సీ జుట్టు రేగిపోయి, చెంప మీద చాప గీతలు పడి, కళ్ళు నులుముకుంటూ గడపలోకి వచ్చింది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"సిస్టర్! మీరేంటి ఇక్కడ? ఇవాళ ఏమైనా ఉందా?"

నేను, దాలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఏమీ లేదు. ఇటుగా పనుండి వచ్చాను" అన్నాను.